కుందేలు కిడ్నీలో రాళ్లు... అరవదు, చెప్పదు, మనమే కనిపెట్టాలి!

మనిషికి కిడ్నీలో రాయి కదిలితే ఇల్లంతా హడావుడే. నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోతాం. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెడతాం. కుందేలుకూ నొప్పి తక్కువేం కాదు. కానీ అది అరవదు. ఓ మూలకు వెళ్లి ముడుచుకుని కూర్చుంటుంది, అంతే. అడవిలో నీరసంగా కనిపించిన జీవే ముందుగా వేటకు చిక్కుతుంది. అందుకే బాధను దాచుకోవటం కుందేలు నైజం. ఇంట్లో సోఫా కింద పెరిగినా ఆ గుణం పోదు.

మనమేమో 'వేడి చేసిందేమో', 'కొత్త మేత నచ్చలేదేమో' అనుకుంటూ ఒకట్రెండు రోజులు చూద్దామనుకుంటాం. కుందేలు విషయంలో ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. అయితే అది నోటితో చెప్పని విషయాన్ని దాని మూత్రం, పెంటికలు, కూర్చునే తీరు చెబుతాయి. వాటిని చదవటం తెలిస్తే రాళ్లను తొలిదశలోనే పసిగట్టొచ్చు. ఒకసారి రాళ్లు వచ్చిన కుందేలునూ జాగ్రత్తగా చూసుకోవచ్చు.

సున్నం పోయే దారే వేరు

మనం తిన్న ఆహారంలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు. విటమిన్ డి సాయంతో, అవసరం మేరకే పేగులు గ్రహిస్తాయి. మిగతాది మలంతో పాటు బయటికి పోతుంది. కుందేలు తీరు ఇందుకు భిన్నం. మేతలో కాల్షియం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా దాని పేగులు పీల్చుకుంటాయి. ఇందుకు విటమిన్ డి మీద పెద్దగా ఆధారపడవు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. కాబట్టి దానికి సున్నం అవసరం ఎప్పుడూ ఉంటుంది.

మరి ఎక్కువైనది ఎటు పోవాలి? కిడ్నీల గుండానే పోవాలి. చాలా క్షీరదాల్లో కిడ్నీలు వడపోసిన కాల్షియంలో 2 శాతం కూడా మూత్రంలోకి పోదు. కుందేలులో 45 నుంచి 60 శాతం వరకూ పోతుంది. పైగా దాని మూత్రం క్షార గుణం గలది. పీహెచ్ సాధారణంగా 8-9 మధ్య ఉంటుంది. ఇలాంటి మూత్రంలో కాల్షియం తేలికగా కాల్షియం కార్బొనేట్ పలుకులుగా మారిపోతుంది. అంటే సుద్దలాంటి పదార్థమన్నమాట. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుందేలు మూత్రం కూడా కాస్త మసకగానే ఉంటుంది.

నీళ్లు బాగా తాగుతూ, గెంతుతూ తిరిగే కుందేలు ఈ పలుకులను ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది. నీళ్లు తగ్గినా, రోజంతా బోనులోనే కూర్చున్నా, ఒళ్లు పెరిగినా ఆ పలుకులు మూత్రాశయం అడుగున పేరుకుంటాయి. మొదట తడి ఇసుకలా, తర్వాత మడ్డిలా మారతాయి. చివరికి గట్టిపడి రాళ్లవుతాయి. ఇవి కిడ్నీలో ఏర్పడొచ్చు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే సన్నని నాళంలో చిక్కుకోవచ్చు. మూత్రాశయంలోనో, మూత్రం బయటికొచ్చే దారిలోనో ఉండిపోవచ్చు. దారిలో అడ్డుపడితే మాత్రం అది అత్యవసర పరిస్థితే.

ఫారం మేత ఇంటి కుందేలుకు పడదు

మన దగ్గర కుందేళ్ల పెంపకం గురించి దొరికే సలహాల్లో చాలావరకు మాంసం కోసం పెంచే ఫారాలవే. లూసర్న్ గడ్డి, అవిసె ఆకు, మునగాకు, సుబాబుల్ రెమ్మలు వేయమంటారు. దాణా ఎంత తింటే అంత పెట్టమంటారు. ఫారంలో కుందేలు 3 నెలలకే 2 కిలోల బరువుకు రావాలి. అది ఎదిగే వయసు. వచ్చిన కాల్షియం ఎముకల్లోకి పోతుంది. పిల్లలకు పాలిచ్చే తల్లికీ అంతే. అందుకే ఎదిగే పిల్లల మూత్రం, పాలిచ్చే తల్లి మూత్రం చాలాసార్లు తేటగా ఉంటుంది.

ఇంట్లో పెంచుకునే కుందేలు 8-10 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. 7-8 నెలలకు ఎదుగుదల ఆగిపోయాక కూడా అదే మేత పెడితే ఆ కాల్షియం భారమంతా ఏళ్ల తరబడి కిడ్నీల మీదే పడుతుంది.

'మాది బోరు నీళ్లండీ, అందుకే రాళ్లొచ్చాయేమో' అని చాలామంది అనుకుంటారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లను కుందేలు రోజుకు 200 మిల్లీలీటర్లు తాగిందనుకుందాం. దానికి అందేది 20 మిల్లీగ్రాములు. అదే 50 గ్రాముల లూసర్న్ ఎండుగడ్డి తింటే 600-750 మిల్లీగ్రాములు అందుతుంది. అదే బరువున్న మామూలు గడ్డిజాతి ఎండుగడ్డిలో ఉండేది 150-250 మిల్లీగ్రాములే. అంటే నీళ్లలోని సున్నం కన్నా మేతలోని సున్నమే అసలు చిక్కు. వడపోసిన నీళ్లు ఇస్తే మంచిదే. కానీ నీళ్లు మార్చి మేత మార్చకపోతే ఫలితం ఉండదు.

అన్ని రాళ్లకూ మేతే కారణం కాదు. కొన్ని కుందేళ్లలో కిడ్నీలను దెబ్బతీసే ఎన్‌సెఫలిటోజూన్ అనే సూక్ష్మజీవి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, వెన్నునొప్పి వల్ల కదలలేకపోవటం వంటివీ తోడవుతాయి. ఒకే ఇంట్లో ఒకే మేత తినే రెండు కుందేళ్లలో ఒకదానికే రాళ్లు రావటానికి ఇలాంటివే కారణం కావొచ్చు.

ఏది మామూలు? ఏది ప్రమాదం?

కుందేలు మూత్రం లేత పసుపు నుంచి నారింజ, ఎరుపు వరకు ఎన్నో రంగుల్లో ఉంటుంది. ఆకుల్లోని వర్ణకాల వల్ల కూడా ఎర్రబడుతుంది. ఎర్రగా కనిపించగానే హడలిపోనక్కర్లేదు. మూత్రమంతా ఒకే రంగులో ఉండి, కుందేలు చురుగ్గా తింటూ తిరుగుతుంటే సాధారణంగా అది వర్ణకమే. అక్కడక్కడా రక్తపు చుక్కలు, చారలు, గడ్డలు కనిపిస్తే మాత్రం పరీక్ష చేయించాల్సిందే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. ఆ రక్తం కూడా మూత్రంలో కలిసి కనిపిస్తుంది. కాబట్టి రాళ్లేనని మనంతట మనమే తీర్మానించుకోకూడదు. అనుమానముంటే కాగితపు పరీక్షతో డాక్టర్ తేలికగా తేల్చేస్తారు.

మూత్రం ఆరాక నేల మీద పలుచని తెల్లటి పొర మిగలటం మామూలే. తెల్లగా, చిక్కగా టూత్‌పేస్టులా వస్తున్నా, ఆరాక గీకితే ఇసుకలా రాలుతున్నా లోపల మడ్డి పేరుకుంటోందని అర్థం. అలాగే మూత్రం హఠాత్తుగా తేటగా మారినా సంతోషించొద్దు. మడ్డి లోపలే ఉండిపోయి, పైనున్న తేట మాత్రమే బయటికి వస్తుండొచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే తాత్సారం వద్దు:

• మూత్రం పోసేచోట ఎక్కువసేపు కూర్చోవటం, తోక పైకెత్తి ముక్కటం, చుక్కలు చుక్కలుగా పోయటం.

• అలవాటైన చోట కాకుండా ఇల్లంతా తడిపేయటం. వెనక కాళ్ల మధ్య బొచ్చు తడిసి, చర్మం ఎర్రగా ఒరిసిపోవటం.

• వీపు గూనిలా వంచి, కళ్లు సగం మూసి కూర్చోవటం. పళ్లు గట్టిగా నూరటం. నిమిరినప్పుడు హాయిగా చేసే చిన్న చప్పుడు వేరు. ఇది బయటికి స్పష్టంగా వినిపించేంత గట్టిగా ఉంటుంది.

• ఎత్తుకుంటే, పొట్ట పక్కన తాకితే బిగుసుకుపోవటం లేదా కరవటం.

• మేత తగ్గించటం, పెంటికలు చిన్నవై సంఖ్య తగ్గటం, బరువు తగ్గటం. నీళ్లు మామూలు కన్నా చాలా ఎక్కువ తాగటం.

గుర్తుంచుకోండి... 12 గంటల గీత

కుందేలు పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. నొప్పితో మేత మానేస్తే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల గ్యాస్ చేరి నొప్పి ఇంకా పెరుగుతుంది. దాంతో మేత పూర్తిగా ఆపేస్తుంది. చాలా కుందేళ్లు రాయితో కన్నా ఈ విషవలయంతోనే ప్రాణం పోగొట్టుకుంటాయి. అందుకే 12 గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అర్ధరాత్రయినా సరే డాక్టర్‌ను సంప్రదించాలి. మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా రాకపోతే ఆ 12 గంటలు కూడా ఆగకూడదు.

పరీక్షల్లో ఏం చూస్తారు?

కాల్షియం రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, మడ్డి ఎంత అన్నది తెలుస్తుంది. కిడ్నీ ఉబ్బిందా, నాళంలో అడ్డు ఉందా అన్నది అల్ట్రాసౌండ్‌లో తేలుతుంది. రక్తంలో యూరియా, క్రియాటినిన్ చూస్తారు. ఇవి మామూలుగా ఉన్నంత మాత్రాన కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని కాదు. కిడ్నీల సామర్థ్యంలో దాదాపు ముప్పావు వంతు దెబ్బతినే వరకూ ఈ అంకెలు పెరగకపోవచ్చు. మూత్ర పరీక్షతో రక్తం, ఇన్‌ఫెక్షన్ బయటపడతాయి.

కుందేలు రక్తంలో కాల్షియం సహజంగానే ఎక్కువ. మనుషుల్లో డెసిలీటరుకు 8.5-10.5 మిల్లీగ్రాములు మామూలు. కుందేలులో 13-15 కూడా మామూలే కావొచ్చు. మనుషుల ల్యాబ్ రిపోర్టులో 'హై' అని ముద్రించి వచ్చిందని కంగారుపడొద్దు. ఆ అంకెను కుందేలు ప్రమాణాలతోనే చూడాలి. అందుకే కుందేళ్లను చూసిన అనుభవమున్న పశువైద్యులను ముందే తెలుసుకుని పెట్టుకోవటం మంచిది. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిల్లోని పశువైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో విచారించొచ్చు.

రాయి కరగదు... మరి చికిత్సేంటి?

కుక్కలు, పిల్లుల్లో కొన్ని రకాల రాళ్లను ప్రత్యేక ఆహారంతో కరిగించొచ్చు. కుందేలులో ఏర్పడే కాల్షియం రాళ్లు అలా కరగవు. మూత్రాన్ని ఆమ్లంగా మార్చే మందులూ పనిచేయవు. కాబట్టి చికిత్స అంతా రాయి ఎక్కడుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

మడ్డి మాత్రమే ఉంటే నొప్పి తగ్గించే మందులిచ్చి, సెలైన్ ఎక్కిస్తారు. అవసరమైతే మత్తిచ్చి మూత్రాశయాన్ని గొట్టం ద్వారా కడుగుతారు. మూత్రాశయంలో పెద్ద రాయి ఉంటే ఆపరేషన్ చేసి తీస్తారు. కిడ్నీలో రాయి ఉంటే నిర్ణయం అంత తేలిక కాదు. కిడ్నీని కోసి రాయి తీస్తే ఆ కిడ్నీ ఇంకొంత దెబ్బతింటుంది. రెండో కిడ్నీ బాగుంటే, రాయి ఉన్న కిడ్నీ పూర్తిగా పాడైతే దాన్నే తీసేయటం గురించి ఆలోచిస్తారు. రెండు వైపులా రాళ్లుంటే చాలాసార్లు ఆపరేషన్ జోలికి పోకుండా సెలైన్, నొప్పి మందులు, మేత మార్పులతోనే నెట్టుకొస్తారు.

కుందేళ్లకు మత్తు ఇవ్వటంలో ముప్పు కుక్కలు, పిల్లుల కన్నా ఎక్కువే. ఆపరేషన్‌కు ఒప్పుకొనే ముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఒకటి- రెండో కిడ్నీ ఎలా ఉంది? రెండు- ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? ఇంకో మాట. ఆపరేషన్‌కు ముందు మనుషుల్లా రాత్రంతా పస్తు పెట్టొద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ అవసరం లేదు. పస్తు పెడితే పేగులు మొరాయిస్తాయి. దానికి ఇష్టమైన గడ్డి, ఆకులు వెంట తీసుకెళ్లండి. మెలకువ వచ్చాక ఎంత త్వరగా తింటే అంత మంచిది.

ఇంటికొచ్చాకే అసలు వైద్యం

రాయి తీసేసినా అది ఏర్పడిన తీరు మారకపోతే మళ్లీ వస్తుంది. కాబట్టి ఇంట్లో చేసేదే సగం వైద్యం.

నీళ్లు: కుందేలు కిలో బరువుకు రోజుకు 50-150 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. 2 కిలోల కుందేలుకు ఇది 100-300 మిల్లీలీటర్లు. బోనుకు తగిలించే గొట్టం సీసా కన్నా వెడల్పాటి గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది. బరువైన మట్టి మూకుడో, పింగాణీ గిన్నో అయితే తన్నినా బోర్లా పడదు. పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిస్తే ఎంత తాగిందో తెలుస్తుంది. ఆకుకూరలు కడిగి, నీళ్లు విదిలించకుండా తడిగానే పెట్టండి. నీళ్లలో చక్కెర, గ్లూకోజు కలపొద్దు. ఎండాకాలంలో గది చల్లగా ఉంచటం తప్పనిసరి. గుడ్డ చుట్టిన ఐసు సీసా పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

మేత: మేతలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. టిమోతీ వంటి గడ్డిజాతి ఎండుగడ్డి మంచిది. అది దొరకకపోయినా, కొనే స్తోమత లేకపోయినా వినాయకుడికి పెట్టే గరిక భేషుగ్గా పనికొస్తుంది. కలుపు మందులు కొట్టని, కుక్కలు తిరగని చోట కోసి, శుభ్రంగా కడిగి పెట్టాలి. దాణా గుళికలు కిలో బరువుకు రోజుకు 20-25 గ్రాములు దాటనివ్వొద్దు. డబ్బా మీద కాల్షియం 0.6 శాతం లోపు ఉన్నవి ఎంచుకోండి. అలాగని కాల్షియం పూర్తిగా మాన్పించకూడదు. పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. మేత ఒక్కసారిగా కాకుండా వారం, పది రోజుల్లో నెమ్మదిగా మార్చాలి.

కదలిక: గెంతినప్పుడు మూత్రాశయం అడుగున పేరుకున్న మడ్డి కదిలి మూత్రంతో కలిసి పోతుంది. రోజుకు కనీసం 3-4 గంటలు బోను బయట తిరగనివ్వండి. జారే టైల్స్ మీద కుందేలు గెంతలేదు. పాత దుప్పటో, చాపో పరచండి. మూత్రం పోసే తొట్టె శుభ్రంగా లేకపోతే మూత్రాన్ని ఆపుకుంటుంది. అది రోజూ మార్చాలి.

శుభ్రత: తడిసిన చోట గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో అద్ది, పొడిగా తుడవాలి. నిండా స్నానం చేయించొద్దు. ఆ బెదురుకే కుందేలు కుప్పకూలిపోగలదు. టాల్కం పౌడరు చల్లొద్దు. వానాకాలంలో తడి బొచ్చు మీద ఈగలు గుడ్లు పెడతాయి. గంటల్లోనే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. రోజుకు రెండుసార్లు తోక కింద చూడాలి. నొప్పి ఉన్న కుందేలు వంగలేక, తాను తినాల్సిన మెత్తటి పెంటికలను తినకుండా వదిలేస్తుంది. అవి అక్కడే అంటుకుపోయినా నొప్పి ఉందని అర్థం.

సెలైన్, మందులు: కిడ్నీ బలహీనంగా ఉన్న కుందేలుకు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఇవ్వటం డాక్టర్లు నేర్పిస్తారు. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని పైకి లాగి సూదితో ఎక్కించాలి. కాసేపు బుడిపెలా కనిపించి కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. ఎంత, ఎన్నిసార్లు అన్నది బరువు, రక్త పరీక్షలను బట్టి డాక్టరే చెప్పాలి. మెలోక్సికామ్ వంటి నొప్పి మందు కుందేళ్లకు వాడతారు. కానీ కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఆ మోతాదు జాగ్రత్తగా లెక్కకట్టాల్సిందే.

ఏ ఆకులో సున్నమెంత?

100 గ్రాముల పచ్చి ఆకులో కాల్షియం, సుమారుగా:

• అవిసె ఆకు: 900-1,100 మిల్లీగ్రాములు
• కరివేపాకు: 650-830
• తోటకూర: 330-400
• మునగాకు: 310-440
• మెంతికూర: 270-400
• కొత్తిమీర: 150-180
• పాలకూర: 70-80
• క్యాబేజీ: 40-50

మొదటి ఐదూ రాళ్లున్న కుందేలుకు వద్దు. పాలకూరలో కాల్షియం తక్కువే అయినా ఆక్సలేట్లు ఎక్కువ. కాబట్టి రోజూ పెట్టొద్దు. క్యాబేజీ ఎక్కువైతే కొన్నింటికి పొట్ట ఉబ్బుతుంది. కొద్దిగా కొత్తిమీర, లెట్యూస్, కీరదోస ముక్క మార్చి మార్చి పెట్టొచ్చు.

ఇవి మాత్రం చేయొద్దు

• కొండపిండాకు, ఉలవచారు, అరటిదవ్వ రసం, బార్లీ నీళ్లు... మన ఇళ్లలో రాళ్లకు చేసే చిట్కాలేవీ కుందేలు మీద ప్రయోగించొద్దు. పిండి పదార్థాలు దాని పేగుల్లో పులిసి ప్రమాదం తెస్తాయి.

• ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ నోటి ద్వారా వేయొద్దు. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చనిపోయి ప్రాణమే పోవచ్చు.

• కాల్షియం చుక్కలు, విటమిన్ డి, బోనులో వేలాడదీసే ఖనిజాల దిమ్మ తీసేయండి.

• మూత్రం రావటం లేదని పొట్ట నొక్కొద్దు. మూత్రాశయం పగిలిపోయే ప్రమాదముంది.

నోట్‌బుక్కే మంచి డాక్టర్

రాళ్లు వచ్చిన కుందేలుకు జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి. వంటింటి త్రాసులో వారానికోసారి బరువు తూచి రాయండి. తాగిన నీళ్లు, మూత్రం తీరు, పెంటికల పరిమాణం రోజూ రెండు ముక్కల్లో రాసి పెట్టండి. 2 కిలోల కుందేలు 100 గ్రాములు తగ్గితే కంటికి కనిపించదు, కాగితం మీద కనిపిస్తుంది. 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గటంతో అది సమానం. డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం ఎక్స్‌రే, రక్త పరీక్ష చేయిస్తుండాలి.

ఒక కిడ్నీతోనూ, మడ్డి సమస్యతోనూ ఏళ్ల తరబడి హుషారుగా బతికే కుందేళ్లు ఉన్నాయి. రెండు కిడ్నీలూ చేతులెత్తేసినప్పుడు మాత్రం మందులు కాలాన్ని కాస్త పొడిగించగలవు, అంతే. తనంతట తాను తినటం, ఒళ్లు శుభ్రం చేసుకోవటం, మనల్ని చూసి దగ్గరికి రావటం... ఈ మూడూ ఆగిపోయి, నొప్పి మందులకూ లొంగకపోతే, బాధ లేకుండా సాగనంపటం గురించి డాక్టర్‌తో మాట్లాడటం తప్పు కాదు. ఆ మాట ఎత్తితే దాన్ని వదిలించుకుంటున్నట్టు కాదు. కుందేలు తన బాధ చెప్పుకోలేదు, దాని తరఫున ఆలోచించాల్సింది మనమే.

ఇప్పుడు మీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న కుందేలుందా? అయితే ఈ రోజే నీళ్ల సీసా పక్కన ఓ గిన్నె పెట్టండి. దాణా కొలిచి వేయండి. నాలుగు గుప్పిళ్ల గరిక ఎక్కువ పెట్టండి. రాళ్లు రాకుండా చూసుకోవటానికి ఇంతకన్నా చవకైన మందు లేదు.